విరిగిన తెప్ప

తెప్ప అనగానే మన తెలుగువారికి తెప్పోత్సవం జ్ఞాపకం వస్తుంది. పూలతోను, దీపాలతోను అలంకరించిన తెప్పపై దేవుడు కోనేటిలో విహరించే దృశ్యం కన్నులకు కడుతుంది. గట్టున నిలిచి చూసే మనకు అది వేడుక. కాని ప్రతి ఉదయం చీకటి విడవకముందే చెరువులోనికి ఒంటరిగా పోయే తెప్ప మరొకటి ఉన్నది. దానికి దీపాలు లేవు, పూలు లేవు, చూడవచ్చే జనం లేరు. దానిపై కూర్చున్నవాడు ఆ పూట వల నిండుగా ఎత్తితేనే అతని ఇంట పొయ్యి రాజుకొంటుంది. ఈ వ్యాసం ఆ రెండవ తెప్పను గురించినది. అది విరిగినప్పుడు మేము ముగ్గురు విద్యార్థులము ఇంటి మేడపై దానిని ఎట్లా బాగుచేశామో, ఆ పనిలో ఏమి నేర్చుకొన్నామో సోదర విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన వరంగల్లు చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం మొదలైన తటాకాలు గణపతిదేవ చక్రవర్తి కాలం నుండి ఈ నేలకు అన్నం పెడుతున్నాయి. నగరం నడుమనే భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు ఉన్నాయి. సముద్రం మాత్రం మనకు దూరం. విశాఖపట్నంలో ఋషికొండ తీరాన యువకులు సర్ఫ్‌బోర్డులపై నిలిచి అలల మీద జారే దృశ్యాన్ని మేము చిత్రాలలో చూసినవారమే గాని కండ్లారా చూసినవారము కాము. అయినప్పటికీ ఆ బోర్డు కథకూ మా తెప్ప కథకూ దగ్గరి చుట్టరికం కలదని ఈ పనిలో దిగిన తరువాతనే మాకు తెలిసింది.

నీటిపై తేలడానికి మనుషులు ఎన్నెన్ని ఉపాయాలు పన్నలేదు! మన పల్లెలలో పిల్లలు నడుముకు మునగ బెండ్లు కట్టుకొని, లేదా ఎండిన సొరకాయ బుర్ర తగిలించుకొని దిగుడుబావిలో ఈత నేర్చుకొనేవారు. కృష్ణా, తుంగభద్రా నదులలో వెదురుబద్దలతో అల్లిన పుట్టి, అదే హరిగోలు, మనుషులను దాటించింది. కోస్తా తీరంలో తేలిక మ్రానులను త్రాళ్ళతో కట్టి తెప్ప చేశారు. ఒడ్డుకు వచ్చిన పిమ్మట కట్లు విప్పి మ్రానులను ఇసుకలో ఆరబెట్టడం ఆ పనిలోని మర్మం. ఎందుకనగా నీరు పీల్చిన మ్రాను బరువెక్కుతుంది. అరవంవారి కట్టుమరమే ఆంగ్లభాషలోనికి పోయి కాటమరాన్ అయింది. పసిఫిక్ సముద్రంలోని హవాయి ద్వీపవాసులు చెక్కపలకలపై అలలను స్వారి చేయడాన్ని కెప్టెన్ కుక్ నౌకలవారు 1779లో చూసి వ్రాసుకొన్నారు. వారి పలకలు ఒంటి మ్రాను నుండి చెక్కినవి. ఇరవయ్యవ శతాబ్దంలో టామ్ బ్లేక్ అనే అమెరికావాసి లోపల డొల్లగా ఉండే పలకను తయారుచేశాడు. పిమ్మట మ్రాను పోయి నురుగు వచ్చింది. 1950ల చివరికల్లా పాలీయురెథేన్ అనే గట్టి నురుగుతో చేసిన పలకలు కాలిఫోర్నియాలో వ్యాపించాయి.

మన చెరువులలోనూ మ్రాను పోయి నురుగే వచ్చింది. మన నురుగు పేరు థర్మోకోల్. అది పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్కును పూసలు పూసలుగా ఉబ్బించి చేసిన పదార్థం. దాని ఘనపరిమాణంలో నూటికి 98 వంతులు గాలియే! యంత్రాలకు చుట్టి వచ్చే ఆ తెల్లని దిమ్మెలను మన మత్స్యకారులు పేర్చి, యూరియా బస్తాలు తొడిగి, నైలాను త్రాటితో బిగించి తెప్పగా మార్చారు. ఏ ఇంజనీరు కూడా వారికి నక్షా గీసి ఇవ్వలేదు.

ఇక మా తెప్ప కథకు వస్తాము. 2023 జూలై నెల చివరి వారంలో ఓరుగల్లు సీమపై ఆకాశం చిల్లిపడిందా అన్నట్లు వాన కురిసింది. రామప్ప గుడి ఉన్న వెంకటాపురం మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. 27వ తేదీ తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. నగరంలోనూ పల్లపు వాడలు చెరువులైనాయి. మా వాడలో మోకాలి లోతున ఉన్న నీరు గంట గడిచేసరికి రొమ్ముల లోతుకు వచ్చింది. యువకులు గోడలెక్కారు. కాని మంచాన ఉన్న ముసలివారు ఎక్కడికి ఎక్కగలరు?

అప్పుడు మా వీధి చివర నివసించే మత్స్యకారుడు తన తెప్పను భుజాన వేసుకొని వచ్చాడు. మేమందరము ఆయనను కాకా అని పిలుస్తాము. మాటామంతీ లేకుండా తెప్పను నీటిలో వేసి, త్రాడు నడుముకు చుట్టుకొని, ఒక్కొక్క గడప ముందు నిలిచి, ముసలివారిని పసిపిల్లలను ఎక్కించుకొని మిట్టనున్న బడి దాకా లాగుకొనిపోయాడు. మాలో ఒకరి దాదీగారు ఎనభై ఏండ్లు దాటినవారు. ఆమెను పసిబిడ్డను ఎత్తినట్లు ఎత్తి తెప్పపై పడుకోబెట్టినది ఆ చేతులే. అట్లా ఏడుమార్లు తిరిగాడు. ఏడవమారు ఖాళీగా మరలి వస్తుండగా మోరీ వైపు లాగుతున్న ప్రవాహం తెప్పను కరెంటు స్తంభానికి వేసి కొట్టింది. వెదుళ్ళు పుటుక్కున విరిగాయి. బస్తాలు చిరిగి ముందుభాగంలో మూడవ వంతు దిమ్మెలు ఊడి నీటిలో కొట్టుకొనిపోయాయి. మిగిలిన ముక్కను త్రాటితో పట్టుకొని ఆయన గట్టెక్కాడు.

నీరు తీసిన తరువాత మేము పరామర్శకు పోగా ఆయన అన్న మాట ఇది: "తెప్ప పోతే పోయింది గని, ముసలవ్వ బతికింది గద బిడ్డా!"

ఆ మాట విని సంతోషించి ఇంటికి రావడం సులభమే. కాని ఆయన ఇంటి అరుగు మీద వల మడిచి పెట్టి ఉండటం మేము చూశాము. వానలు పడి చెరువులు నిండిన దినాలలోనే చేప ఎదురెక్కి వస్తుంది. మత్స్యకారునికి అది కోతల కాలం వంటిది. ఆ కాలంలో వల మడతపెట్టి కూర్చోవడమంటే ఏమిటో వేరుగా చెప్పవలెనా? ఆయన కుమార్తె ఆ యేడే ఇంటర్మీడియెట్‌లో చేరవలసి ఉన్నది. నష్టాలు వ్రాసుకోవడానికి వచ్చినవారి కాగితంలో ఇల్లు, పశువు, పంట అని గడులు ఉన్నాయి గాని తెప్ప అనే గడి లేదు. వాడవారు కొందరు చందా పోగుచేసి ఇవ్వబోగా ఆయన చేయి చాపలేదు. "పైసలు తీస్కుంటే కిరాయికి తెచ్చినట్టయితది" అని ఒక్కమాటతో త్రోసిపుచ్చాడు.

అది వినిన రాత్రి మాకు ఒక సంగతి తోచింది. సాయానికి వెల కట్టరాదు, నిజమే. కాని సాయం చేసినవాని నష్టాన్ని మాత్రం లెక్క కట్టి తీరాలి. ఆయన ధైర్యాన్ని పొగిడి ఆయన ఆకలిని మరచిపోతే ఆ పొగడ్తకు అర్థమేమున్నది? డబ్బు వద్దన్నాడు. విరిగిన తెప్పను బాగుచేసి ఇస్తామంటే మాత్రం కొంచెంసేపు మా ముఖాలవైపు చూసి, "చేస్తె చేయుండ్రి, కని నేను సూడకుంట నీళ్ళల్ల ఎయ్యొద్దు" అని ఒప్పుకొన్నాడు.

తెప్ప ముక్క మా ఇంటి మేడపైకి చేరింది. మొదటి పనిగా దానిని కిరాణా దుకాణపు కాటాపై తూచాము. 19 కిలోలు తూగింది. చిరిగిన బస్తాలు తీసి, దిమ్మెలను విడదీసి, నీడలో నిలువుగా పెట్టి నాలుగు దినాలు ఆరనిచ్చిన తరువాత అదే సామాను 11 కిలోలకు దిగింది. అనగా ఎనిమిది కిలోల నీటిని అది దాచుకొని ఉన్నది. థర్మోకోల్ పూస లోనికి నీరు పోదు. పూసకూ పూసకూ నడుమ సందులోనికి, దిమ్మెకూ దిమ్మెకూ నడుమ మడతలోనికి పోతుంది. కోస్తావారు మ్రానులను విప్పి ఆరబెట్టడంలోని మర్మం మాకు మేడపై అర్థమైంది.

రెండవ ప్రశ్న అతుకు గురించి. సర్ఫ్‌బోర్డు విరిగితే దేశాంతరాలలో ఎట్లా బాగుచేస్తారని మేము చదివి చూశాము. అలల పలక లోపల నురుగు, దాని నడుమ నిలువుగా వెన్నెముక వంటి చెక్కబద్ద, పైన గాజునూలు గుడ్డను రెసిన్ అనే జిగురుతో తడిపి అంటించిన చర్మం ఉంటాయి. విరిగినచోట చెడిన నురుగును గట్టి నురుగు తగిలేదాకా కోసి, వెన్నెముకను కలిపి, పైన గుడ్డ అంటిస్తారు. ఇదే పద్ధతిలో పోదామని హార్డువేరు దుకాణంలో పాలియెస్టర్ రెసిన్ కొంచెం తెచ్చాము. తెప్పకు పూయకముందు రసాయనశాస్త్రపు అలవాటు చొప్పున చిన్న ముక్కలపై పరీక్షించాము. ఒక మూతలో పెట్రోలు, ఒక మూతలో ఆ రెసిన్, ఒక మూతలో ఫెవికాల్, ఒక మూతలో రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు పోసి, ప్రతి దానిలో ఒక థర్మోకోల్ ముక్క వేశాము.

పెట్రోలులో వేసిన ముక్క చూస్తుండగానే చప్పబడి జిగట ముద్ద అయింది. పాలియెస్టర్ రెసిన్ కూడా ముక్కను కొరుక్కుతిన్నది. కారణం విచారించగా ఆ రెసిన్‌ను పలుచన చేయడానికి కలిపేది స్టైరీన్ అనే ద్రవం. ఆ స్టైరీనే గొలుసుకట్టుగా మారితే పాలిస్టైరీన్, అనగా మన థర్మోకోల్. బిడ్డ తల్లి ఒడిలోనికి చేరినట్లు అది దానిలో కరిగిపోతుంది! గట్టి పాలీయురెథేన్ నురుగుకు ఆ రెసిన్ వల్ల హాని లేదు. అందువల్లనే థర్మోకోల్ జాతి నురుగుతో చేసే సర్ఫ్‌బోర్డులకు పాలియెస్టర్ రెసిన్ కాక ఎపాక్సీయే వాడతారు. ఫెవికాల్ ముక్కను తినలేదు గాని నీటిలో మెత్తబడింది. ఎపాక్సీ ముక్కను తినలేదు, నీటికి లొంగలేదు. కాని దాని వెల మా జేబుకు లొంగలేదు. ముగ్గురము కూర్చుకొన్న సొమ్ము 1,150 రూపాయలు. తెప్ప నిండా ఎపాక్సీ పూయాలంటే అది ఏ మూలకు చాలుతుంది?

జిగురు లేకుండా అతకడం ఎట్లా అని ఆలోచిస్తూ ఉండగా దారి చూపినవారు మా వాడలోని రఫూ పనివారైన చాచాగారు. చినిగిన షేర్వానీలకు, శాలువలకు పోగు పోగు అల్లి చినుగు కనబడకుండా చేయడం ఆయన వృత్తి. మా మేడకు వచ్చి తెప్పను చూసి, "బేటా, రఫూ చినుగు మీద మొదలుపెట్టరు. చినుగు చుట్టూ గట్టిగా ఉన్న బట్ట మీద మొదలుపెడతారు. సూది ఎంత దూరం నుంచి నడిచివస్తే అతుకు అంత కాలం నిలుస్తుంది" అన్నారు. దేశాంతరపు వ్రాతలలో మేము చదివిన సూత్రం అదే. విరుగు వెడల్పు జానెడైతే చర్మం దానికి ఇరువైపులా మూరెడు మూరెడు పాకాలి. నురుగు తేల్చేది మాత్రమే, గట్టిదనం చర్మానిది. పలక వంగినప్పుడు ఒక ముఖం సాగుతుంది, రెండవ ముఖం నొక్కుకొంటుంది, నడుమనున్న భాగానికి శ్రమ తక్కువ. కనుక బలమంతా పైముఖాన, క్రిందిముఖాన ఉండాలి.

పని మొదలైంది. థర్మోకోల్‌ను వేడి తీగతో కోస్తే నున్నగా తెగుతుంది గాని విషపు పొగ వస్తుంది. కనుక హాక్సా బ్లేడుతో కోశాము. విరిగిన అంచులను నిలువుగా కాక మెట్లు మెట్లుగా కోసి, కొత్త దిమ్మెలను ఆ మెట్లలో కూర్చాము. గోడ కట్టే మేస్త్రీ అతుకు మీద అతుకు రానివ్వడు కదా, అదే నియమం పాటించాము. రాలిన పూసలను తడిగుడ్డతో ఏరి సంచిలో కట్టాము. గాలికి పోయి చెరువులో పడితే చేపలు మేతయని మ్రింగుతాయి. దిమ్మెల నడుమ అక్కడక్కడ మాత్రమే ఎపాక్సీ చుక్కలు పెట్టాము. నిలువుగా పైన మూడు, క్రింద మూడు వెదురుబద్దలు వేసి, ఎదురెదురు బద్దలను నైలాను త్రాటితో ఆరుపార బిగించాము. మెత్తని నురుగును త్రాడు కోసుకొనిపోకుండా ప్రతి ముడి క్రింద అరిగిన చెప్పుల నుండి కోసిన రబ్బరు బిళ్ళలు పెట్టాము. మాలో ఒకరిది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ఆ ఇంటి పెద్దామె దబ్బనం చేతబట్టి బస్తాలను తెప్పకు బిర్రుగా తొడిగి కుట్టిన కుట్టు చూస్తే అది కుట్టా, నేతా అనిపించింది. బస్తాలు ఎండకు పెళుసెక్కుతాయి కనుక పైన టార్పాలిన్, దానిపై పాత వల చుట్టాము.

నడుమ ఒకనాడు కాకా వచ్చి తెప్ప చుట్టూ తిరిగి చూశాడు. "ముంగట మొన కొంచెం లేపుండ్రి బిడ్డా, గుర్రపుడెక్కల ఇరుక్కుంటది" అన్నాడు. ఏడడుగుల తెప్ప ఎట్లాగూ ఆరడుగులకు తగ్గింది. తగ్గిన తెప్పకు ముందుభాగం సన్నగా, పైకి లేచినట్లుగా చెక్కితే అది కలుపును చీల్చకుండా దానిపైకి ఎక్కి జారిపోతుంది. సర్ఫ్‌బోర్డు ముక్కు అలలో గ్రుచ్చుకొనకుండా పైకి వంచడంలోని యుక్తి కూడా ఇదే. కాలిఫోర్నియా కారుఖానావారు చేసే పని, మా కాకా ఒక్క చేతి సైగతో చెప్పాడు. ముడులు మాత్రం ఆయన మా చేతికి వదలలేదు. మేము వేసినవి విప్పి, ఒక్కొక్కటి తానే వేసుకొన్నాడు. ప్రాణం ఆయనది కనుక ఆ ముడి ఆయనదే కావడం న్యాయం.

ఈ సందర్భంలో రామప్ప గుడిని తలచుకోకుండా ఉండలేము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన ఆ ఆలయపు శాసనం 1213వ సంవత్సరానిది. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శిలలతో అంత చిక్కని పని చేసిన శిల్పులు విమానానికి మాత్రం రాతిని వాడక, నీటిలో తేలేటంత తేలికయిన రంధ్రాల ఇటుకలు వాడారు. పైకప్పు బరువు గోడలపై, పునాదిపై పడకుండా చేసిన ఏర్పాటది. ఇటుకలో రంధ్రమన్నా, థర్మోకోల్‌లో పూసయన్నా, సొరకాయలో డొల్లయన్నా, అన్నిటిలోను పనిచేసేది బంధించిన గాలియే. బరువు మోయడానికి బరువే కావాలన్నది భ్రమయని ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే మన పాలంపేట వడ్డెలకు, శిల్పులకు తెలుసు.

తెప్పను నీటిలో వేయకముందు కాగితంపై లెక్క వేశాము. ఆర్కిమిడిస్ సూత్రం ప్రకారం తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల తెప్ప నీటిని తాకే వైశాల్యం, మొన సన్నగిల్లినంత తీసివేస్తే, సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. ఆ వైశాల్యంలో ఒక్క సెంటీమీటరు మునిగితే 15 కిలోల నీరు తొలగుతుంది. తెప్ప బరువు 12 కిలోలు, కాకా బరువు 62 కిలోలు, వెరసి 74. కనుక అయిదు సెంటీమీటర్లు, అనగా రెండంగుళాలు మునగాలి. తెప్ప మందం ఎనిమిది అంగుళాలు. చేపల బుట్టకు, తడిసిన వలకు కావలసినంత జాగా మిగిలి ఉన్నది.

ఆగస్టు రెండవ వారంలో ఒక ఉదయం తెప్పను చెరువుకు తీసుకొనిపోయాము. మొదట ఒడ్డుననే ఇసుక బస్తాలు ఎక్కించి గంటసేపు ఉంచాము. తరువాత కాకా నడుముకు గాలి నింపిన ట్యూబు కట్టుకొంటేనే తెప్ప ఎక్కాలని మేము పట్టుబట్టాము. ఆయన నవ్వి కట్టుకొన్నాడు. ఈ తెప్పలు తేలడంలో దిట్టలే గాని ఒరగడంలోనూ దిట్టలే, ఎంతటి ఈతగానికైనా కలుపు కాళ్ళకు చుట్టుకొంటే ప్రమాదం. ఆయన ఎక్కి కూర్చున్నాడు. మాలో ఒకరు సుద్దముక్కతో ముందే గీసి ఉంచిన రెండంగుళాల గీత దగ్గరకు నీరు వచ్చి ఆగింది. మేము గీతనే చూస్తూ ఉన్నాము. ఆయన గీతను చూడలేదు. రెండు చేతులతో నీటిని త్రోసుకొంటూ గుర్రపుడెక్క వైపు పోయాడు. మొన దానిపైకి ఎక్కి అవతలికి జారింది.

ఆ సాయంకాలం మా మూడిండ్లకు చేపలు వచ్చాయి. మేము వెల ఇవ్వబోలేదు. కిరాయి కాని దానికి కిరాయి ఏమిటి? ఆ నెలలోనే ఆయన కుమార్తె కాలేజీలో చేరిందని విన్నాము.

సోదర విద్యార్థులారా! మనము తరగతి గదిలో ఆర్కిమిడిస్‌ను చదువుతాము, పాలిమర్లను చదువుతాము, మార్కులు తెచ్చుకొంటాము. ఆ చదువు ఒకరి పొయ్యి రాజేయడానికి పనికివచ్చిన దినమే దాని బరువు మనకు తెలుస్తుంది. అదేవిధంగా మన వాడలలోని రఫూగారు, జంపఖానా నేసే తల్లి, చేపలు పట్టే కాకా వీరందరికి తెలిసిన విద్య మన గ్రంథాలయపు బీరువాలలో లేదు. రెండు విద్యలు ఒక మేడపై కలిస్తే విరిగిన తెప్ప లేచి నిలిచింది.

కళాశాల కమిటీ పెద్దలకు మాది ఒక్క మనవి. మన ఆవరణలో వాడక లేని గది ఏదైనా ఒకటి, ఒక బల్ల, నాలుగు పనిముట్లు, వారానికి ఒక సాయంకాలం ఇప్పించండి. వాడలోని పనివారిని ఉస్తాదులుగా పిలుద్దాము, విరిగిన వస్తువులు తెప్పిద్దాము. వీలైతే వానాకాలానికి ముందే రెండు తెప్పలు, కొన్ని గాలి ట్యూబులు, ఒక పొడుగాటి త్రాడు ఆ గదిలో సిద్ధంగా ఉంచుదాము. వాన మరల వస్తుంది. పల్లపు వాడలు పల్లంలోనే ఉన్నాయి. అప్పుడు ఒక్క కాకా తెప్ప మీదనే వాడవాడంతా ఆధారపడకుండా ఉంటే చాలు.